అక్క ఈఎన్‌ఎఫ్‌జే, నేను ఐఎన్‌ఎఫ్‌జే. ఒక్క అక్షరానికే ఇంత తేడానా?

ఆవపిండి:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. అక్కా నేనూ కలిసి పచ్చళ్ల వ్యాపారం చేస్తున్నాం. ఆవకాయ, మాగాయ, గోంగూర, సీజన్లో ఉసిరికాయ. ఇంటి పెరట్లోనే కలిపి, సీసాల్లో పెట్టి హైదరాబాద్, బెంగళూరు కొరియర్ చేస్తాం. ఇందులోకి రాకముందు నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేదాన్ని. అక్కడ ఆఫీసు ట్రైనింగ్‌లో ఎంబీటీఐ అని, మనిషి స్వభావం ఏ రకమో నాలుగు అక్షరాల్లో చెప్పే టెస్టు రాయించారు, ఐఎన్‌ఎఫ్‌జే అని వచ్చింది. మొన్నొక ఆదివారం పనేం లేకపోతే నెట్‌లో దొరికే అలాంటి టెస్టే ఒకటి అక్కతో చేయించాను. తనకి ఈఎన్‌ఎఫ్‌జే వచ్చింది. మొదటి అక్షరం తప్ప మిగతా మూడూ ఒకటే.

అప్పట్నుంచీ అక్క నా వెంట పడింది. "చూశావా, మనిద్దరం ఒకటే. నువ్వు కాస్త నోరు విప్పితే అచ్చం నేనే" అంటుంది. ఊరికే ఆటపట్టించడానికైతే నేనూ పట్టించుకోను. ఇన్‌స్టాగ్రామ్‌లో పచ్చళ్ల వీడియోలు పెడుతున్నాం. వాటిలో నన్నూ మాట్లాడమని దాని గోల. రెండుసార్లు ప్రయత్నించాను. ఫోన్ ముందు నిలబడగానే కారం కొలత కూడా గుర్తు రాలేదు.

కానీ నాకు ఎప్పట్నుంచో అనుమానం, తేడా మాట్లాడ్డం, మాట్లాడకపోవడం దగ్గర లేదేమో అని. ఒక ఉదాహరణ చెప్తా. మొన్న వేసవిలో హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. మాగాయ సీసాలోంచి నూనె కారి పార్సిలంతా తడిసిపోయిందట, అది తీసుకెళ్లి కొత్త సోఫా మీద పెట్టారట. అక్క ఫోన్ తీసుకుని "అయ్యో, ఎంత పనైందండీ" అని మొదలుపెట్టింది. కాసేపటికి ఆవిడ అత్తగారిది పెనుగొండ అని తెలిసింది, సోఫా మరక పోవడానికి చిట్కా చెప్పింది, ఇంకో సీసా ఉచితంగా పంపుతామంది. ఆవిడ నవ్వుతూ ఫోన్ పెట్టేశారు. అంతసేపూ నేను పక్కనే కూర్చుని పాత కొరియర్ స్లిప్పులు తిరగేస్తున్నాను. అంతకుముందు కారాయని చెప్పినవీ, ఇదీ, అన్నీ మూతలు కొత్త చోట కొన్న తర్వాత ప్యాక్ చేసినవే. అక్క ఫోన్ పెట్టేయగానే "మూతల్లో తేడా ఉందే" అన్నాను. "మనిషి అక్కడ అంత బాధపడుతుంటే నీకు మూతలా?" అంది. నాకు బాధ లేక కాదు కదా!

టెన్షన్ వచ్చినప్పుడు కూడా ఇద్దరం వేరే. నేనైతే జంతికల డబ్బా పక్కన పెట్టుకుని ఖాళీ చేసేస్తాను, లేదా అర్ధరాత్రి అటక మీది స్టీలు సామానంతా దించి తోముతాను. అక్క అలా కాదు. మామూలుగా ఎవర్నీ ఒక్క మాట అనదు, కానీ బాగా అలిసిపోయిందంటే మాత్రం "పోయిన సంక్రాంతికి పెద్దత్త అలా అంది, మొన్నేమో ఇలా అంది, రెండిట్లో ఏదో ఒకటే నిజం కావాలి కదా" అంటూ ఎదురుగా ఎవరూ లేకపోయినా కోర్టులో లాయర్‌లా వాదిస్తుంది.

ఇంతకీ నా ప్రశ్న. ఒక టైపులోనే ఇంట్రోవర్ట్ (ఐ), ఎక్స్‌ట్రోవర్ట్ (ఈ) అని రెండు రకాలుంటే వాళ్ల మధ్య అసలు తేడా ఏమిటి? అక్క అన్నట్టు నేను కాస్త బయటపడితే తనలాగే అవుతానా? ఈ టెస్టుల గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

---

టీగ్లాసు:

సింపుల్ అండీ. ఐ అంటే తక్కువ మాట్లాడేవాళ్లు, ఈ అంటే ఎక్కువ మాట్లాడేవాళ్లు. మిగతాదంతా సేమ్. మా బావ కూడా మొదట్లో మీలాగే ఉండేవాడు. మార్కెటింగ్ ఉద్యోగంలో పడ్డాక ఇప్పుడు ఆపమన్నా ఆపడు. అలవాటైతే అదే వస్తుంది. అక్క చెప్పినట్టు వినండి.

---

జీడిమామిడి:

టీగ్లాసు గారూ, మీ బావగారి సంగతి నాకు తెలీదు గానీ ఈ అమ్మాయి అడిగినదానికి అది జవాబు కాదు.

నేను విశాఖలో ఒక బ్యాంకు ట్రైనింగ్ సెంటర్లో పనిచేసి రిటైరైనదాన్ని. కొత్తగా చేరిన ఆఫీసర్లకీ, ప్రమోషన్ల మీద వచ్చినవాళ్లకీ ఈ ఎంబీటీఐ చెప్పడం నా పనుల్లో ఒకటి. చాలా ఏళ్లు చెప్పాను కాబట్టి దీని సుగుణాలూ తెలుసు, డొల్లతనమూ తెలుసు. రెండోదాని గురించి చివర్లో చెప్తాను. ముందు నీ ప్రశ్న చూద్దాం తల్లీ.

ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ అనే ఈ మాటలు మొదలైంది పార్టీలకి వెళ్లేవాళ్లు, ఇంట్లో కూర్చునేవాళ్లు అన్న లెక్కలోంచి కాదు. స్విట్జర్లాండ్ డాక్టరు కార్ల్ యూంగ్ 1921లో జర్మన్‌లో వేసిన పుస్తకంలో మనుషుల్ని ఎనిమిది రకాలుగా విడదీశాడు. ఆలోచన (టీ), అనుభూతి (ఎఫ్), ఇంద్రియాలతో గ్రహించడం (ఎస్), కళ్లెదుట లేని అర్థాన్ని పట్టేసే ఇంట్యూషన్ (ఎన్), ఈ నాలుగింట్లో మనిషి దేని మీద ఎక్కువ ఆధారపడతాడన్నది ఒక ప్రశ్న. అది బయటి ప్రపంచం వైపు తిరిగి పనిచేస్తుందా, తన లోపల ఏర్పడే ముద్ర వైపు తిరిగి పనిచేస్తుందా అన్నది రెండో ప్రశ్న. నాలుగు రెళ్లు ఎనిమిది. అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్ అనే ఆవిడ 1923లో వచ్చిన ఇంగ్లిష్ అనువాదం చదివింది. ఆవిడ కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న ఆడవాళ్లకి ఎవరికే పని నప్పుతుందో తేల్చాలని ప్రశ్నలు తయారుచేయడం మొదలుపెట్టింది. సైకాలజీ చదివిన మనిషి కాదు. అంతకుముందు డిటెక్టివ్ నవల రాసి బహుమతి గెల్చుకున్న మనిషి! నాకైతే ఆవిడ మీద ఆ ఒక్కదానికే గౌరవం. యూంగ్ ఎనిమిదింటికి జే (త్వరగా తేల్చేసుకునే తీరు), పీ (తేల్చకుండా చూస్తూ ఉండే తీరు) అనే జంటని కలిపి పదహారు చేసింది వీళ్లే.

ఇప్పుడు అసలు విషయం. ఈ పద్ధతిలో ఒక్కో టైపుకీ ఇందాకటి ఆ నాలుగు శక్తులూ, ఒక్కోటి లోపలికో బయటికో తిరిగి, ఒక వరసలో ఉంటాయి. మొదటిది పెత్తనం చేస్తుంది, రెండోది సాయం చేస్తుంది, మూడోది అంతంతమాత్రం, నాలుగోది బాగా వెనకబడింది. మీ ఇద్దరికీ ఆ నాలుగూ అవే. వరసే వేరు.

మీ అక్కకి మొదటిది ఎదుటివాళ్ల వైపు తిరిగిన అనుభూతి. అంటే ఎక్కడున్నా ముందు ఎవరి మనసు ఎలా ఉంది, ఎవరికి ఇబ్బందిగా ఉంది, ఈ గదిలో వాతావరణం ఏమిటి, అన్నది తనకి తెలిసిపోతుంది. దాన్ని సరిచేసేదాకా ఊరుకోలేదు. లోపలి ఇంట్యూషన్ దానికి రెండో చెయ్యి. నీకు సరిగ్గా తిరగేసి ఉంటుంది. లోపలి ఇంట్యూషన్ మొదటిది. నాలుగు విడివిడి సంగతులు చూడగానే వాటి వెనక ఉన్న ఒకే కారణం వైపు మనసు పోతుంది. ఆ తర్వాతే, దీన్ని ఎవరికి ఎలా చెప్పాలి, ఎవరు నొచ్చుకుంటారు అన్న ఆలోచన.

నీ మాగాయ కథ చదివి నేను కుర్చీలోంచి లేచినంత పని చేశాను. ట్రైనింగ్‌లో చెప్పుకోవడానికి ఇలాంటి ఉదాహరణ నాకెప్పుడూ దొరకలేదు. ఫోన్ ఒకటే, ఫిర్యాదు ఒకటే. మీ అక్క ముందు మనిషిని పట్టుకుంది. నువ్వు ముందు కారణాన్ని పట్టుకున్నావు. కాసేపు ఆగితే మీ అక్కకీ "ఈమధ్య ఇలాంటి ఫోన్లు ఎక్కువయ్యాయేంటి" అనిపించేది. నీకూ "పాపం ఆవిడ సోఫా" అనిపించే ఉంటుంది, అప్పటికి మీ అక్క ఫోన్ పెట్టేసింది, అంతే. ఎవరికి ఏది ముందు తోస్తుందో అదే తేడా. నువ్వు గంటసేపు గలగలా మాట్లాడినా ఆ వరస మారదు. మీ అక్క మౌనవ్రతం పట్టినా మారదు.

ఇంకోటి. మైయర్స్ దీనికి సైన్యం పోలిక చెప్పింది. ఎక్స్‌ట్రోవర్ట్ దగ్గరికి వెళ్తే సేనాధిపతే గుడారం బయటికొచ్చి నీతో మాట్లాడతాడు. ఇంట్రోవర్ట్ దగ్గరికి వెళ్తే సేనాధిపతి లోపలే ఉంటాడు, సహాయకుడు బయటికొచ్చి కబురు తీసుకుంటాడు. కాబట్టి ఇంట్రోవర్ట్‌ని ఓ పూట చూసి అంచనా వేసినవాళ్లు సహాయకుణ్ణి చూసి అంచనా వేసినట్టే. మీ అక్కని చూసినవాళ్లకి అక్క బలం మొదటిరోజే తెలుస్తుంది. నిన్ను చూసినవాళ్లు "మెత్తని పిల్ల, అందరితో సర్దుకుపోతుంది" అనుకుంటారు. లోపల ఎంత మొండిగా ఒక నిర్ణయానికి వచ్చి కూర్చున్నావో వాళ్లకి తెలీదు. అవునా కాదా?

టెన్షన్ సంగతి నువ్వే రాశావు కాబట్టి చెప్తున్నాను. బాగా అలిసినప్పుడు ఆ నాలుగోది, వెనకబడ్డది, పగ్గాలు పట్టుకుంటుందని ఈ పద్ధతిలో చెప్తారు. నీకు నాలుగోది బయటి ఇంద్రియాల శక్తి. అందుకే జంతికలు, అందుకే అర్ధరాత్రి సామాను తోమడం. మీ అక్కకి నాలుగోది లోపలి తర్కం. మామూలప్పుడు ఎవరి మాటా తర్కానికి నిలబెట్టని మనిషి, ఆ రాత్రి మాత్రం పెద్దత్త మాటల్లో పొంతన వెతుకుతుంది. అప్పుడు తనతో వాదన పెట్టుకోకు. "నిజమే" అని దుప్పటి కప్పెయ్యి.

అక్షరాల దగ్గర అందరూ పడే ఒక గోతి కూడా చెప్పాలి. ఒక్క అక్షరమే తేడా కాబట్టి దగ్గరి చుట్టాలు అనుకుంటాం. ఐఎన్‌టీజే, ఐఎన్‌టీపీ చూడు. చివరి అక్షరమే వేరు, కానీ ఈ వరసల ప్రకారం నాలుగింట్లో ఒక్కటీ కలవదు. ఐఎన్‌టీజేకి మొదటిది లోపలి ఇంట్యూషన్, తర్వాత బయటి ఆలోచన. ఐఎన్‌టీపీకి మొదటిది లోపలి ఆలోచన, తర్వాత బయటి ఇంట్యూషన్. ఎందుకంటే జే, పీ అన్నవి లోపల ఏముందో చెప్పవు, బయటికి కనిపించేది ఏమిటో చెప్తాయి. ఇంట్రోవర్ట్‌లకి బయటికి కనిపించేది రెండోది కదా. అందుకే చూడ్డానికి వదులుగా కనిపించే ఐఎన్‌టీపీ లోపల ఒక పట్టాన ఒప్పుకోడు. గట్టిగా కనిపించే ఐఎన్‌టీజే లోపల ఇంకా చూస్తూనే ఉంటాడు. కాబట్టి మొదటి అక్షరం మారిన మీ జంటే నిజంగా దగ్గరి జంట. ఆ మాట వరకు మీ అక్క రైటు.

మా బ్యాంకులో ఐఎస్‌టీజే, ఈఎస్‌టీజే జంటలు కుప్పలు. ఇద్దరూ రూలంటే రూలే. ఒక బ్రాంచిలో అలాంటివాళ్లిద్దర్నీ పక్కపక్కన చూశాను. ఆడిట్ వస్తోందంటే ఒకాయన పాత సర్క్యులర్ల ఫైలు దించేవాడు. ప్రతి పేజీకీ తెల్ల ట్యాగు, ఎర్రసిరాతో తారీఖు. ఏదడిగినా వెంటనే చెప్పేవాడు కాదు. వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పి, అక్కడ వేలు పెట్టి, అప్పుడు "ఇదిగో" అనేవాడు. రెండో ఆవిడ ఆడిట్ అన్న మాట వినగానే సీట్లోంచి లేచి "నువ్వు లోన్ ఫైళ్లు, నువ్వు క్యాష్, నువ్వు లాకర్లు, సాయంత్రానికి నాకు రావాలి" అని పంచేసేది, తర్వాత కూర్చుని ఒక్కోటి చూసుకునేది. మొదటాయనకి పాత అనుభవంతో సరిపోల్చుకోవడం ముందు, పని నడిపించడం తర్వాత. ఆవిడకి నడిపించడం ముందు. ఆడిట్ ఇద్దరి చేతిలోనూ గట్టెక్కేది. కాకపోతే ఆవిడ లీవులో ఉన్నరోజున ఎవరేం చేయాలో ఎవరికీ తెలిసేది కాదు. ఆయన లీవులో ఉన్నరోజున ఎక్కడేముందో ఎవరికీ తెలిసేది కాదు.

చివర్లో చెప్తానన్నది: ఈ వరసల సిద్ధాంతానికి ప్రయోగాల బలం బహు తక్కువ. మనుషుల్ని గమనించడానికి పనికొస్తుంది. ఉద్యోగాలివ్వడానికీ, పెళ్లిసంబంధాలు చూడ్డానికీ పనికిరాదు. మా ట్రైనింగ్‌కి వచ్చిన ఒకాయన సంబంధాలకి జాతకంతోపాటు దీన్నీ అడుగుతున్నాడని విని తల పట్టుకున్నాను.

---

ఉస్మానియా_బిస్కెట్:

జీడిమామిడి మేడమ్ చివర్లో రెండు ముక్కల్లో తేల్చేసినదాని గురించి నేను కొంచెం ఎక్కువ చెప్తా. సైకాలజీలో ఎంఏ చేస్తున్నా, మా క్లాసులో ఎంబీటీఐ అంటే సార్లు నవ్వుతరు.

మొదటి గొడవ ఏంటంటే, ఐ, ఈ అనేవి రెండు గదులు కావు. ఎక్స్‌ట్రవర్షన్‌ని కొలిస్తే చాలామంది నడిమధ్యలనే పడతారు, రెండు చివర్లలో కొందరే. టెస్టు మాత్రం నడుమ గీత గీసి అటువాళ్లు ఈ, ఇటువాళ్లు ఐ అంటది. గీతకు కొంచెం ఇటు ఉన్న ఐ, కొంచెం అటు ఉన్న ఈ నిజానికి ఒకే తీరు మనుషులు. అదే ఐ అని పేరున్న ఇద్దరు ఒకరికొకరు చాలా దూరంగా ఉండొచ్చు. ఆవపిండి గారూ, మీ ఇద్దరి అక్షరాలు కాదు, స్కోర్లు చూడండి. మీది, అక్కది గీతకు ఎంత దూరంలో ఉన్నాయో చూస్తే సగం జవాబు అక్కడే ఉంటది. రెండువారాలాగి మళ్లీ రాస్తే అక్షరమే మారొచ్చు. మధ్యలో ఉన్నవాళ్లకు ఇది మామూలే.

రెండోది. మెక్రే, కోస్టా అని ఇద్దరు 1989లో ఎంబీటీఐని బిగ్ ఫైవ్‌తో, అంటే సైకాలజీలో మనిషి స్వభావాన్ని ఐదు గుణాలుగా కొలిచే పద్ధతితో, పోల్చి చూశారు. ఎంబీటీఐ నాలుగు అక్షరాల జంటలూ (ఈ-ఐ, ఎస్-ఎన్, టీ-ఎఫ్, జే-పీ) బిగ్ ఫైవ్‌లోని నాలుగు గుణాలతో కలిశాయి. ఐదోది న్యూరోటిసిజం, అంటే తొందరగా ఆందోళన పడే గుణం, దానికి ఎంబీటీఐలో చోటే లేదు. మీరు ఫోన్ ముందు నిలబడి కొలత మర్చిపోయారు కదా, అది ఇంట్రోవర్షనే కానక్కర్లేదు. పదిమంది చూస్తున్నారన్న భయం వేరే సంగతి. ఆ భయం ఎక్స్‌ట్రోవర్ట్‌లకు కూడా ఉంటది. ఒంటరిగా హాయిగా ఉండేవాళ్లలో అది అస్సలు లేనివాళ్లూ ఉంటరు. ఈ రెండింటినీ కలిపేస్తే ఎవరికీ సాయం చేయలేం.

మూడోది, అక్క చెప్పిన "కొంచెం నోరు విప్పు" సంగతి. విలియమ్ ఫ్లీసన్ అనే ఆయన 2001లో చూపించింది ఏంటంటే, ఒకే మనిషి ఒకే వారంలో బాగా ఇంట్రోవర్ట్‌గా, బాగా ఎక్స్‌ట్రోవర్ట్‌గా కూడా ప్రవర్తిస్తాడు. స్థిరంగా ఉండేది అన్నీ కలిపి తీసిన సగటు. అంటే వీడియోలో మాట్లాడటం మీవల్ల కానిది కాదు. కానీ 2019లో అచ్చయిన మెల్‌బోర్న్ పరిశోధన ఒకటి ఉంది. కొంతమందిని ఒక వారమంతా ఎక్స్‌ట్రోవర్ట్‌లా ఉండమన్నరు. మొత్తంగా చూస్తే చాలామందికి సంతోషం పెరిగింది. బాగా ఇంట్రోవర్ట్ అయినవాళ్లకు మాత్రం ఆ లాభం అంతగా రాలేదు. అలసట పెరిగింది, ఇది నేను కాదు అన్న భావన కూడా వచ్చింది. అక్కకు ఈ సంగతి చెప్పండి.

జీడిమామిడి మేడమ్, మీ వరసలు వినడానికి బాగున్నయి. కానీ జంతికలు తిన్నా ఇంద్రియశక్తే, సామాను తోమినా ఇంద్రియశక్తే, టీవీ చూసినా అదే అంటే ఇక తప్పని తేలేది ఎప్పుడు?

---

జీడిమామిడి:

బిస్కెట్ బాబూ, మంచి దెబ్బే కొట్టావు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, నాకు ఈ పద్ధతి నేర్పినవాళ్ల దగ్గరా లేదు. కానీ ఒకటి చెప్పు. మీ బిగ్ ఫైవ్ ప్రకారం ఈ అక్కాచెల్లెళ్లకి ఎక్స్‌ట్రవర్షన్ ఒక్కటే తేడా వచ్చిందనుకో. అప్పుడు చెల్లెలు మూతల మీద పడటం, అక్క మనిషి మీద పడటం ఎందుకంటావు? ఒకరు ఎక్కువ మాట్లాడతారు, ఒకరు తక్కువ మాట్లాడతారు అనే కదా మీ లెక్క చెప్పగలిగేది. మళ్లీ టీగ్లాసు గారి దగ్గరికే వచ్చినట్టుంది.

---

ఉస్మానియా_బిస్కెట్:

లేదు మేడమ్, ఎక్స్‌ట్రవర్షన్‌లో మాటలొక్కటే కాదు. చొరవ, కలుపుగోలుతనం, హుషారు, ఉత్సాహం వెతుక్కోవడం, ఇవన్నీ విడివిడిగా కొలుస్తరు. అదొక్కటే వేరుగా ఉండి మిగతా నాలుగూ సరిగ్గా ఒకేలా ఉండే అక్కాచెల్లెళ్లు ఎక్కడా దొరకరు కూడా. ఆవపిండి గారు టెస్టర్‌గా పనిచేశారు కదా. తప్పు ఎక్కడ మొదలైందో వెతకడం ఆ ఉద్యోగం నేర్పిన అలవాటు కూడా కావొచ్చు. అన్నీ టైపు ఖాతాలో వేయకండి.

---

టెక్సాస్_పప్పుచారు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఇంట్లో నేను ఐఎన్‌టీపీ, మా ఆవిడ ఈఎన్‌టీపీ. ప్రయోగాలు, పరిశోధనలు నాకు తెలీవు గానీ ఇల్లు కొన్నప్పుడు జరిగింది చెప్తా.

మా ఆవిడ నోటితోనే ఆలోచిస్తుంది. "డాలస్‌కి దూరంగా పెద్ద స్థలం కొందాం, కోళ్లు పెంచుదాం" అంటుంది పొద్దున. మధ్యాహ్నానికి కోళ్లు పోయి టౌన్‌హౌస్ వస్తుంది. నేను మొదట్లో ప్రతి మాటా నిర్ణయమనుకుని లెక్కలేసుకుని కూర్చునేవాణ్ణి. కోళ్లకి ఎంత స్థలం కావాలో, అక్కడి రూల్స్ ఏమిటో రాత్రంతా చదివాను. పొద్దున చూపిస్తే "కోళ్లేంటి?" అంది. నాది ఇంకో రకం. వారాల తరబడి ఏమీ అనను. అన్నీ లోపల కుదుర్చుకుని ఒకరోజు "ఈ ఇల్లే" అంటాను. తను అప్పుడు "మరి ఇలా చేస్తే?" అని సరదాగా ఇంకోటి కలపబోతే నాకు మండుకొస్తుంది, అది నేను ఎప్పుడో చూసి తీసేసిందే కాబట్టి. తనేమో ఇప్పుడే మొదలైన చర్చనుకుంటుంది. నాకది అయిపోయిన చర్చ.

ఆలోచనల రకం మాత్రం ఒకటే. ఇద్దరం కలిసి ఏదన్నా విషయం మీద పడితే తెల్లారిపోతుంది. ఇప్పుడైతే తను ముందే "ఊరికే అంటున్నా" అని చెప్పి మొదలుపెడుతుంది, నేను సగం ఆలోచన దగ్గరే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తున్నాను. ఇంతకీ గోంగూర అమెరికాకి పంపుతారా అండీ?

---

ఆవపిండి:

అందరికీ చాలా థ్యాంక్స్. పప్పుచారు గారూ, ఇంకా మొదలుపెట్టలేదండీ, పేపర్లు కనుక్కుంటున్నాం.

అక్కకి మొత్తం చదివి వినిపించాను. "నాలుగోది వెనకబడింది" దగ్గర కాస్త మొహం మాడ్చింది గానీ, పెద్దత్త సంగతి చదవగానే నవ్వేసింది. బిస్కెట్ గారు చెప్పినట్టు స్కోర్లు వెతికాను. అక్కది గీతకి బాగా దూరం, నాది దగ్గర దగ్గరగానే ఉంది. నేను అనుకున్నంత ఇంట్రోవర్ట్ కానేమో. అయినా ఫోన్ చూస్తే నోరు ఎండిపోవడం మాత్రం నిజం.

జీడిమామిడి గారూ, "లోపల ఎంత మొండిగా కూర్చున్నావో" అన్నారు చూడండి, దానికి మా అమ్మ వంటింట్లోంచి "ఎవరావిడ, దీన్ని ఇంత బాగా తెలిసినావిడ" అంది.

ఇప్పుడు అసలు పని చెప్పండి. అక్క పట్టు వదల్లేదు. వీడియో అయితే చేయాలి. ఏం చేయమంటారు?

---

జీడిమామిడి:

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నిన్ను కెమెరా ముందు నిలబెట్టి "హాయ్ ఫ్రెండ్స్" అనిపించడం దండగ. మీ అక్క పలకరించే మనిషి, తనే ఫోన్ పట్టుకోనీ. నువ్వు పని మీద ఉన్నప్పుడు తీయమను, చేతులు పిండిలోనో కారంలోనో ఉండాలి. చేతికి పనుంటే కళ్లు కెమెరా వైపు పోవు, బిస్కెట్ బాబు చెప్పిన భయం కొంత అక్కడే తగ్గుతుంది. తను అడగాలి, నువ్వు చెప్పాలి. "ఎలా ఉన్నారు, ఏం చేస్తున్నారు" లాంటివి వద్దు, వాటికి నీ దగ్గర జవాబుండదు. "ఈసారి గోంగూర ముందే ఎందుకు ఆరబెట్టావు, నిరుడు ఎందుకు బూజు పట్టింది" అని కారణం అడగాలి. కారణం అడిగితే నీలాంటివాళ్లు ఆగరు. మా క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుని నోరు మెదపని వాళ్లని నేను ఇలాగే లాగేదాన్ని. గుంపులో కాదు, ముందురోజే "రేపు నిన్ను ఫలానాది అడుగుతాను" అని చెప్పి పెట్టేదాన్ని. మర్నాడు వాళ్లే నా టైమంతా తినేసేవాళ్లు.

కాబట్టి ప్రశ్నలు ముందురోజు రాత్రే నీ చేతికివ్వమను. అప్పటికప్పుడు కొత్త ప్రశ్న వేసి ఆటపట్టించకూడదు, మీ అక్కకి ఆ బుద్ధి పుడుతుంది, ముందే మాట తీసుకో. ఒక్కసారికి ఒక్క పచ్చడే. తీసిన వెంటనే చూసుకోవద్దు. మర్నాడు మీ అక్కే చూసి, కోయాల్సింది కోసి, పెట్టెయ్యాలి. నీకు చూపిస్తే నువ్వు పెట్టనివ్వవు.